నాలుగో చెవి మీద నా సంతకం

హైటెక్ సిటీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను గానీ నేను కంప్యూటర్ ఉద్యోగిని కాను. లిఫ్టులో ఎవరైనా “మీదే టెక్నాలజీ సార్?” అని అడిగితే “బుట్టలు చేస్తాం” అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేవాణ్ణి. ఆ బుట్ట కింద మనుషులు నిలబడతారని లిఫ్టులో చెప్పేంత టైము ఉండదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. సలహా ఇచ్చే అర్హత నాకుందా అంటే అనుమానమే. ప్రమోషన్ల సంగతి రాయను, ఎవరి ప్రమోషన్ కథైనా ఒకటే. నేను నేర్చుకున్నవి రెండు మూడు, చేసిన తప్పులు రెండు. వాటిలో రెండో తప్పుకి నర్సింలు అనే ఫోర్‌మన్ ఉద్యోగం పోయింది, పేరు పోయింది. నాకేమో శాలువా కప్పి పంపించారు. అది చెప్పడానికే ఇదంతా.

బుట్ట అంటే

సముద్రం మధ్యలో చమురు తీసే ప్లాట్‌ఫామ్‌లు ఉంటాయి. అక్కడికి వెళ్ళే పైపులు, వాల్వులు, పనిముట్లు అన్నీ ఓడలో పోతాయి. ఓడ నుంచి పైకి క్రేన్‌తో ఎత్తాలి. అలా ఎత్తడానికి సామాను పెట్టే ఉక్కు పెట్టె మా బుట్ట. పైన మూత ఉండదు. నాలుగు పక్కలా దళసరి ఉక్కు చట్రం, కింద నేల, నాలుగు మూలల్లో క్రేన్ తాళ్ళు తగిలించడానికి బెజ్జం ఉన్న ఉక్కు పలకలు. ఆ పలకలకి పుస్తకాల్లో ఏదో పేరుంది గానీ మా షెడ్డులో అందరూ చెవి అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

మామూలు రేవులో ఎత్తే పెట్టెకీ దీనికీ తేడా ఒక్కటే. ఓడ నిలకడగా ఉండదు. క్రేన్ పైకి లాగే క్షణంలో అల కిందికి దిగిందంటే బుట్ట బరువు ఉన్నట్టుండి ఎన్నో రెట్లు అయి తాళ్ళ మీద పడుతుంది. అందుకే దాన్ని పరీక్షించేటప్పుడు నిండు బరువుకి రెండున్నర రెట్లు నింపి నాలుగు చెవులతో ఎత్తుతాం. తర్వాత బరువు తగ్గించి ఎదురెదురు మూలల్లోని రెండు చెవులతోనే ఎత్తుతాం. అది అయ్యాక చెవుల దగ్గరి వెల్డింగ్ మీద అయస్కాంతం ఆనించి నల్లటి ఇనుప పొడి చల్లుతాం. పగులు ఉంటే పొడి అక్కడ గీతలా కూడుకుంటుంది. ఎత్తడానికి ముందు చూస్తే చాలదు, ఎత్తిన తర్వాత కూడా చూడాలి. ఎందుకంటే పరీక్ష తట్టుకుంటూనే పగలడం మొదలయ్యే వెల్డింగ్ ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా పుస్తకంలో దొరుకుతుంది.

మా షెడ్డు బాచుపల్లి దాటాక ఉండేది. ఆఫీసు ముందు అక్కడే, షెడ్డు పక్కన రేకుల గదిలో. నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి చేరింది ఆ గదిలోనే. షెడ్డు చుట్టూ అప్పుడు రాళ్ళూ పొదలూ తప్ప ఏమీ లేవు, ఇప్పుడు అటు కాలేజీ బస్సులు దారివ్వవు. బాచుపల్లి నుంచి ఏ దిక్కుకి పోయినా సముద్రం కనిపించాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. సముద్రం చూడనివాళ్ళం సముద్రం కోసం పనిచేశాం. మా తప్పులన్నీ అక్కడే పుట్టాయి.

ఎర్ర సుద్ద

నర్సింలుది ఆ పక్క ఊరే. నాకన్నా రెండేళ్ళు చిన్న. వెల్డర్‌గా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. కొలతలకి అందరూ తెల్ల సుద్ద వాడితే, అతని చెవి మీద మాత్రం ఎప్పుడూ ఒక ఎర్ర సుద్దముక్క ఉండేది. ఏ వెల్డింగ్ మీదైనా అనుమానం వస్తే దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టేవాడు. ఆ సున్నా ఉన్నంతసేపు ఆ బుట్ట కదలకూడదు. దాన్ని తుడిచే హక్కు గీసినవాడికే. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, మా షెడ్డు ఆచారం.

చేరిన కొత్తలో నేనొకసారి ఆ సున్నాని బొటనవేలితో తుడిచేశాను. చూడ్డానికి వెల్డింగ్ నున్నగా, చక్కగా ఉంది. నేను డిగ్రీ చదివి వచ్చినవాణ్ణి, నాకు చెప్పేదేంటి అనుకున్నాను. నర్సింలు వచ్చి చూశాడు.

“ఎవరు తుడిచిన్రు?”

“నేనే. బాగానే ఉంది కదా.”

“పైన బాగానే ఉన్నది సార్. లోపల సంగతేంది?”

నా ముందే కోత యంత్రం తెప్పించి ఆ వెల్డింగ్‌ని నిలువునా కోయించాడు. లోపల వేలెడు పొడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది. ఉక్కు రెండు పక్కలా అతుక్కోనే లేదు. నర్సింలు ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. “మల్ల కొట్టిస్త సార్, మీరు టీ తాగిరాండ్రి” అన్నాడు. నాకు ఈ పని నేర్పిన గురువు ఎవరని అడిగితే ఏ ఇంజనీరు పేరూ చెప్పను.

ఎంచుకోవడం

బుట్ట కొనేవాళ్ళు, అద్దెకి తీసుకునేవాళ్ళు మొదట అడిగేది పొడవు. రెండోది ఎప్పుడిస్తారు. సామాను సంగతి అడిగేవాళ్ళు తక్కువ. బుట్ట ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అందులో ఏం పెడతారని. పైపులకి సన్నగా పొడుగ్గా ఉండే బుట్ట కావాలి. చిన్న చిన్న సామానుకి జాలీ ఉన్నది కావాలి, లేకపోతే సందుల్లోంచి కింద ఉన్నవాడి నెత్తిన పడతాయి. పెద్ద బుట్టలో కొంచెం సామాను వేస్తే అది లోపల దొర్లి ఒక మూలకి చేరుతుంది. అప్పుడు బరువంతా ఒకే చెవి మోస్తుంది. ఇంకో సంగతి, తాళ్ళు కూడా బుట్టలో భాగమే. ఒకదాని తాళ్ళు ఊడదీసి ఇంకోదానికి తగిలించకూడదు. పొట్టి తాళ్ళు పొడుగు బుట్టకి తగిలిస్తే అవి పక్కలకి చాచుకుపోయి ఒక్కొక్కదాని మీద లాగుడు బాగా పెరుగుతుంది.

షెడ్డు దాటి బయటికి పోయిన నా మొదటి తప్పు డ్రాయింగ్‌లో జరిగింది. ఆఫీసుని హైటెక్ సిటీలో అద్దాల భవనంలోకి మార్చిన కొత్త. అక్కడికి వెళ్ళాక పాత డ్రాయింగ్ తీసి, పేరూ పొడవూ మార్చి కొత్త డ్రాయింగ్ అనడం మాకు అలవాటైపోయింది. అలా ఒక బుట్ట నేలకి నీళ్ళు పోయే బెజ్జాలు పెట్టడం మరిచిపోయాను. పాతది జాలీ నేల, దానికి బెజ్జాలతో పనిలేదు. కొత్తది పలక నేల. డెక్ మీద అలలు కొట్టి, వాన కురిసి అది తొట్టిలా నిండింది. క్రేన్ నడిపేవాడు బరువు చూసి ఎత్తకుండా ఆపేశాడు కాబట్టి బతికిపోయాం.

ఆ బుట్టని సరిచేయడానికి నన్ను రేవుకి పంపారు. నా బుట్ట సముద్రం మీద గాలిలోకి లేవడం మొదటిసారి చూసింది అక్కడే. తాళ్ళు తగిలించే రిగ్గర్లు ఇద్దరు డెక్ మీద నిలబడి ఉన్నారు. డెక్ ఊగుతోంది, బుట్ట ఊగుతోంది, వాళ్ళు పక్కకి తప్పుకోవడానికి ఉన్న చోటు మా ఆఫీసులో నా కుర్చీకి ఉన్నంత కూడా లేదు. వాళ్ళలో పెద్దాయన నన్ను అడిగాడు, “మీరేనాండీ ఇది చేసేది? గట్టిగా చేయండి బాబూ, మేం దీనికిందే ఉంటాం.” సరేనన్నాను. పనిలో చేరేవాళ్ళని ముందు అక్కడికి పంపించాలని తిరిగొచ్చి మా జనరల్ మేనేజర్ శేషగిరిగారికి చెప్పాను. “వీడియో చూపిద్దామండీ” అన్నారాయన.

ఫొటో

అద్దాల భవనంలోకి వెళ్ళాక షెడ్డుకి పోవడం తగ్గింది. మొదట వారానికి మూడుసార్లు, తర్వాత ఒకసారి, చివరికి ఫొటోలు చూసి సంతకం పెట్టడం. కొండాపూర్ దాటి, మియాపూర్ దాటి అంత దూరం ఎవరు పోతారు? పని బాగా సాగుతోందని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

నేను రిటైర్ కావడానికి ఎనిమిది నెలల ముందు సంగతి. ఆరు పైపు బుట్టలు తయారయ్యాయి. రంగు అంతా కొట్టి, చెవుల దగ్గర మాత్రం వదిలేశారు. బరువు పరీక్ష అయ్యాక, వెల్డింగ్ చూశాక అక్కడ బ్రష్‌తో రంగు వేస్తారు. బరువు పరీక్ష అయింది. లారీ గేటు దగ్గరుంది, ఓడ రేవులో ఉంది. వెల్డింగ్ నేను చూసి సంతకం పెడితే బయటి సంస్థవాళ్ళు ముద్ర వేస్తారు. ఆ రోజు మా ఆఫీసుకి విదేశీ కొనుగోలుదారులు వచ్చారు. మీటింగ్‌లో నా పని టీ తాగుతూ తల ఊపడం.

నర్సింలు ఫోన్ చేశాడు.

“సార్, ఆరో బుట్టకు నాలుగో చెవి కాడ ఎర్రగ గీసిన. వెల్డింగ్ నడుమల కరెంట్ పోయిందట. మల్ల కరెంటొచ్చినంక, సల్లవడ్డ ఉక్కును వేడి చేయకుండనే మిగతాది కొట్టిన్రు. నేను ఆడ లేను. లోపలేమున్నదో నాకు తెల్వదు. జర మీరొచ్చి చూడుండ్రి.”

“బరువు పరీక్ష పాసయింది కదా నర్సింలూ?”

“పాసయింది. అయినంక చూడాలె గద సార్? మీరే చెప్తరు.”

“ఫొటో పంపు.”

ఫొటో వచ్చింది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఎర్ర సున్నా స్పష్టంగా ఉంది. శేషగిరిగారు నా భుజం మీదుగా తొంగిచూశారు.

“ఏంటండీ ఓబుల్‌రెడ్డిగారూ, లారీ ఇంకా కదల్లేదంటున్నారు?”

చెప్పాను.

“రెండున్నర రెట్లు మోసిందా, లేదా? మోసింది కదండీ. ఇంకేం కావాలి? సుద్ద గీతలు చూసి ఆగితే మనం దుకాణం మూసుకోవడమే.”

ఆయన్ని తిట్టుకోవడం నాకు చాలా సులువు. కొన్నేళ్ళు ఆ పనే చేశాను. కానీ ఆయనకి వెల్డింగ్ అంటే తెలియదు. కోసిన వెల్డింగ్ లోపల మడ్డి చూసినవాణ్ణి నేను. లేచి, కారు తీసి, గంటన్నర పోతే అయిపోయేది. మీటింగ్‌లో నేను లేకపోతే ఏమనుకుంటారో అని భయపడ్డాను. కొనుగోలుదారులు నా పేరు కూడా అడగలేదు.

వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను. “గీత తుడిచేసి రంగు కొట్టించు.”

నర్సింలు అన్నాడు, “నేను తుడవను సార్. మీరు చెప్పిన్రని రంగోళ్ళకు చెప్త.”

రంగువాళ్ళు ఆ సున్నా మీదే బ్రష్ వేశారు. నేను ఆరు బుట్టల కాగితాల మీదా వరసగా సంతకాలు పెట్టి మళ్ళీ టీ దగ్గరికి వెళ్ళాను.

విచారణ

మూడు వారాల తర్వాత ఆ బుట్ట డెక్ మీంచి లేస్తుండగా నాలుగో చెవి ఊడింది. బుట్ట ఒక మూలకి వాలి, పైపులు జారాయి. ఒక రిగ్గర్ కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. రేవులో నన్ను పలకరించిన పెద్దాయనేనా అని చాలా రోజులు భయపడ్డాను. కాదు, వేరే ఆయన. వేరే ఆయనని తెలిసి నాకు ఊరట కలిగింది, ఆ ఊరటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

విరిగిన చెవిని పరిశీలించినవాళ్ళకి రంగు పెచ్చు కింద ఎర్ర సుద్ద కనిపించింది. అనుమానం ఉందని హెచ్చరించడానికి నర్సింలు గీసిన గీత, వాళ్ళ చేతిలో నర్సింలు మీద సాక్ష్యమైంది. లోపం తెలిసీ రంగు కొట్టి దాచాడన్నారు. ఫోన్లో మేమేం మాట్లాడుకున్నామో మా ఇద్దరికే తెలుసు.

విచారణలో నన్ను అడిగారు, “ఫోర్‌మన్ మీకు అనుమానం చెప్పాడా?”

శేషగిరిగారు నా పక్కనే కూర్చున్నారు. నర్సింలు ఎదురుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. “ఫొటో పంపాడండీ. అందులో నాకు ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు” అన్నాను.

నేను ఫోన్‌లో తనతో అన్న మాట నర్సింలు చెప్పాడు. రుజువేది అన్నారు. ఫొటో తీసిన అతని ఫోన్ అప్పటికే పాడైపోయింది, నా ఫోన్ చూపించమని ఎవరూ అడగలేదు. నర్సింలు నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే. ఆ వారంలోనే అతన్ని తీసేశారు. నన్ను ఇకమీదట జాగ్రత్తగా ఉండమన్నారు. నేను రిటైరైన రోజు శాలువా కప్పి, నాణ్యతకి మారుపేరు ఓబుల్‌రెడ్డిగారని శేషగిరిగారు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టాను.

హఫీజ్‌పేట్

నేను ఇప్పుడు ఉండేది పుప్పాలగూడలో, తొమ్మిదో అంతస్తు. బాల్కనీలో పావురాల గోల. గ్రిల్లు చేసేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. అయినా హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర నర్సింలు చిన్న దుకాణం పెట్టాడని విని అక్కడికే వెళ్ళాను. నాలుగేళ్ళుగా వెళ్ళనివాణ్ణి, పావురాలు సాకు దొరికాయి.

కిటికీ గ్రిల్లు వెల్డింగ్ చేస్తున్నాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్నది తీసి చూశాడు.

“ఏంది సార్, గిట్లొచ్చిన్రు?”

“బాల్కనీకి గ్రిల్లు కావాలి.”

“కొలతలు తెచ్చిన్రా?”

తేలేదు. నర్సింలు నవ్వాడు. “కొలతలు లేకుండ మీరొచ్చుడు గిదే మొదటిసారి. ఇగ చెప్పుండ్రి, ఎందుకొచ్చిన్రు?”

పావురాల గోల ఎక్కువైందన్నాను. అతనే స్టూలు లాగి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మూడు షెడ్లలో పని అడిగాడట. ప్రతిచోటా పాత కంపెనీకి ఫోన్ చేశారట, పగులు దాచి రంగు కొట్టించిన మనిషి అని చెప్పారట.

“పనికేం ఫికర్ లేదు సార్. గ్రిల్లులతోటి కడుపు నిండుతున్నది. గని నేను దాచిన్నంటున్నరు. నేను దాస్తనా సార్? మీరు చెప్పుండ్రి.”

“రాసిస్తాను నర్సింలూ. కంపెనీకి, ముద్ర వేసిన సంస్థకి, ఆ మూడు షెడ్లకి. ఫొటో కూడా నా దగ్గరుంది.”

“ఉన్నదా?” అన్నాడు. అన్నేళ్ళూ ఆ ఫొటో నా దగ్గరే ఉందన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు ఉత్తరం రాసుకుని వెళ్ళాను. మంచి భాషలో రాశాను. నర్సింలు గ్లవ్స్ తీసి, చేతులు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. అక్కడ నేను ఇలా రాశాను: ‘పని ఒత్తిడిలో ఆ గుర్తు ప్రాముఖ్యాన్ని గమనించలేకపోయాను.’

చెవి మీంచి ఎర్ర సుద్ద తీసి ఆ వాక్యం చుట్టూ సున్నా చుట్టాడు.

“గిది సరిగ్గ పడలే సార్. మల్ల రాయుండ్రి.”

అక్కడే, గ్రిల్లు మీద కాగితం పెట్టుకుని మళ్ళీ రాశాను. ‘నర్సింలు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఎర్ర గీత నేను చూశాను. రంగు కొట్టించమన్నది నేనే. విచారణలో నేను అబద్ధం చెప్పాను.’ నాలుగు వాక్యాలు. నాలుగేళ్ళు పట్టింది.

మళ్ళీ వేలు పెట్టి చదివాడు. చివరిదాకా వచ్చి తల ఊపాడు.

“ఇగ సంతకం పెట్టుండ్రి.”

పెట్టాను. అన్నిచోట్లకీ పంపాను. పాత కంపెనీ నుంచి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు, వస్తుందని నేనూ అనుకోవట్లేదు. ఒక షెడ్డువాళ్ళు మాత్రం నర్సింలుకి ఫోన్ చేసి ఒకసారి వచ్చి కలవమన్నారు. వెళ్తాడో లేదో అతనిష్టం.

ఆ రోజు నేను లేచి వస్తుంటే నర్సింలు వెనక నుంచి పిలిచాడు.

“ఆ కాలు పోయినాయనకు రాసిన్రా సార్?”

లేదన్నాను.

చేతిలో ఉన్న ఎర్ర సుద్దముక్కని నా చొక్కా జేబులో వేశాడు. “గిది మీ కాడ ఉంచుండ్రి” అన్నాడు.

ఆ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు రాశాను. నాలుగింటి మీదా ఎర్ర సున్నాలున్నాయి. అన్నీ నేను చుట్టుకున్నవే.